పడగ గీస్తే చాలదు

పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో యూరప్‌లో అచ్చయిన ప్రకృతి చరిత్ర గ్రంథాల్లోని పాముల బొమ్మలకు ఇవాళ పాతవస్తువుల మార్కెట్లో మంచి గిరాకీ ఉంది. పుస్తకాల్లోంచి పేజీలు విడదీసి, ఒక్కోదానికీ ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. కొనేవాళ్లు గీతలోని సన్నదనాన్ని మెచ్చుకుంటారు, రంగుల్ని మెచ్చుకుంటారు, చుట్ట తిరిగిన ఒంటి వయ్యారాన్ని మెచ్చుకుంటారు. వీటిని వేరే ప్రశ్నతో పరీక్షించాలి. ఈ బొమ్మను బాగా చూసిన మనిషికి అదే పాము రేపు గడప దగ్గర కనిపిస్తే, అది ప్రాణం తీసేదో కాదో చెప్పగలడా? ఆ పరీక్ష పెడితే అందమైన బొమ్మల్లో చాలామటుకు తప్పుతాయి. చిత్రకారులు చేతకానివాళ్లై కాదు. విషం పాము చర్మం మీద రాసి ఉండదు. అది పై దవడలో, కంటి వెనకున్న గ్రంథిలో, మూసిన నోట్లోని కోరలో ఉంటుంది. పామును నిలువెత్తునా గీసి ఊరుకున్నంతకాలం విషం బొమ్మలోకి రాలేదు. నోరు తెరిచి, తలను దగ్గరగా చూసి, పొట్టను వెల్లకిలా తిప్పి, పొలుసులు లెక్కపెట్టి, ముక్కలుగా చూపడం మొదలయ్యాకే విషసర్పం బొమ్మ శాస్త్రానికి పనికొచ్చింది. ఆ మలుపులో ఒక ముఖ్యమైన ఘట్టం విశాఖపట్నంలో జరిగింది.

మొదట్లో విషాన్ని ఎక్కడ గీశారో చూడండి. 1640లో ఇటలీలో వెలువడిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్డ్రొవాండీ సర్పాల గ్రంథంలో నిజమైన పాముల పక్కనే డ్రాగన్లు దర్శనమిస్తాయి, కిరీటం పెట్టుకున్న బాసిలిస్క్ కూడా ఉంటుంది. చూపుతోనే చంపుతుందని పేరుపడ్డ ఆ ప్రాణికి ఆ బొమ్మలో ఎనిమిది కాళ్లు! అంటే అక్కడ విషం చూపులో ఉంది, ఊపిరిలో ఉంది, కిరీటంలో ఉంది, కోరలో తప్ప. నిజం పాముల బొమ్మల్లో అది నాలుక మీదికి చేరింది. చివర బాణపు మొన తగిలించిన పొడవాటి నాలుకతో పామును గీయడం చాలాకాలం సాగింది. నిజానికి నాలుక పాముకు వాసన పసిగట్టే సాధనం. గాలిలోని సూక్ష్మ రేణువులను నోటి పైకప్పులోని జేకబ్సన్ అవయవానికి అందించడమే దాని పని. దాంతో పాము ఎవరినీ పొడవదు. చిత్రకారుణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టలేం, పండితులకే స్పష్టత లేదు. టస్కనీ రాజాస్థాన వైద్యుడు ఫ్రాన్‌చెస్కో రేడీ 1664లో పింజరి కుటుంబానికి చెందిన పాముల మీద ప్రయోగాలు చేసి, విషం పిత్తాశయంలో లేదనీ, కోరల చుట్టూ ఉన్న తొడుగులోని పసుపుపచ్చటి ద్రవమే విషమనీ తేల్చాడు. పాములు పట్టే మనిషి ఒకడు దాన్ని తాగి చూపినా ఏమీ కాలేదు. అది రక్తంలో కలిస్తేనే ప్రమాదమన్నమాట. అయినా పారిస్‌కు చెందిన మోయిజ్ షారా, పాము కోపమే మనిషిని చంపుతుందని అయిదేళ్ల తర్వాత కూడా వాదించాడు. కోపమే విషమైతే చిత్రకారుడు కోపాన్నే గీస్తాడు కదా. 1683లో ఎడ్వర్డ్ టైసన్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాటిల్ స్నేక్ అనే అమెరికా గిలకపామును కోసి, లోపలి అవయవాలను బొమ్మలతో ప్రచురించాడు. ముక్కలుగా గీసే పద్ధతి అప్పటికే పుట్టింది. కాకపోతే అది శరీరశాస్త్రవేత్తల బల్ల దగ్గరే ఆగిపోయింది. అందమైన సంపుటాల్లోకి రావడానికి ఇంకా వందేళ్లు పట్టింది.

ఆ అందమైన సంపుటాల్లో మకుటం ఆమ్‌స్టర్‌డామ్ మందుల వ్యాపారి ఆల్బర్టస్ సేబాది. ఓడరేవుకు వచ్చే నావికుల దగ్గర వింత ప్రాణుల్ని కొని పోగుచేసిన సేబా, తన మొదటి సేకరణను రష్యా చక్రవర్తి పీటర్‌కు అమ్మేసి రెండోది మొదలుపెట్టాడు. దాన్నంతా బొమ్మలుగా వేయించాడు. 1734 నుంచి 1765 దాకా నాలుగు సంపుటాలు వచ్చాయి, అందులో 446 చిత్రపటాలు. పాములు అడుగడుగునా కనిపిస్తాయి, ఒక్కొక్కటీ ముగ్గు వేసినట్టు మెలికలు తిరిగి ఉంటుంది. చిత్రకారుడి ముందున్నది సారాయి సీసాలో నానిన కళేబరం. రంగు వెలిసిపోయింది, కళ్లు తెల్లబడ్డాయి. పొలుసుల మీది గళ్లను చిత్రకారుడు శ్రద్ధగా దించాడు, రంగును మాత్రం అచ్చయ్యాక వేరే చేతులు అద్దాయి. కాబట్టి ఒక ప్రతికీ ఇంకో ప్రతికీ రంగు తేడా. ఏ పాము ఏ దేశానిదన్నది నావికుడు చెప్పిన మాటే ఆధారం, అది చాలాచోట్ల తప్పు. అన్నింటికన్నా పెద్ద ఇబ్బంది చాలా బొమ్మల్లో నోళ్లు మూసి ఉండటం. అలాంటి బొమ్మ చూస్తే ఇది కోర ఉన్న పామా, లేని పామా అన్నది తేలదు. సేబా మొదటి సంపుటంలో ఏడు తలల హైడ్రా బొమ్మ కూడా ఉంది. హాంబర్గ్‌లో ఉన్న ఆ ‘ప్రాణి’ని 1735లో అప్పటికింకా కుర్రవాడైన స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ స్వయంగా చూసి, వీజల్ అనే చిన్న మాంసాహార జంతువుల దవడలూ కాళ్లూ తెచ్చి పాము చర్మం అతికించారని తేల్చేశాడు. బొమ్మ ఎంత నిపుణంగా ఉన్నా, నోట్లోకి చూసినవాడికే నిజం దొరికిందన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగానే వస్తుంది. అదే లిన్నేయస్ తన వర్గీకరణలో సేబా చిత్రపటాలను ఎన్నోసార్లు ఆధారంగా చూపాడు, మరి అవి పనికిరానివెలా అవుతాయి? పనికొచ్చాయి, నిజమే. పాముల్లో ఎంత వైవిధ్యం ఉందో యూరప్‌కు చూపినవి అవే. కాని ఏ పనికి వచ్చాయన్నది చూడాలి. 1758లో లిన్నేయస్ మన నాగుపాముకూ జెర్రిపోతుకూ పేర్లు పెట్టాడు. రెండింటినీ కొలుబర్ అనే ఒకే ప్రజాతిలో వేశాడు. ఊళ్లో పిల్లవాడికి కూడా అవి రెండూ ఒకటి కాదని తెలుసు. బయటి రూపమే ఆధారమైతే పెద్ద వర్గీకర్త కూడా విషపు పామునూ విషం లేనిదాన్నీ ఒకే గాటన కడతాడు. లిన్నేయస్ గొప్పతనం వేరేచోట ఉంది. పొట్ట కింది అడ్డపొలుసులూ తోక కింది పొలుసులూ ఎన్నున్నాయో లెక్కపెట్టడం అలవాటు చేసింది ఆయనే. ఆ లెక్క కూడా సరిపోదని తర్వాత తేలింది, ఒకే జాతిలో పాముకూ పాముకూ సంఖ్య మారుతుంది. 1789లో ఎడ్వర్డ్ విటకర్ గ్రే రాయల్ సొసైటీలో ఇదే ప్రశ్న మీద వ్యాసం చదివాడు. తల వెడల్పు, తోక పొడవు వంటి గుర్తులన్నిటికీ మినహాయింపులున్నాయనీ, చివరికి కోరలే ఆధారమనీ ఆయన తేల్చాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు కోరమాండల్ తీరంలో పాముల నోళ్లు తెరిచి చూస్తున్నాడు. అంతకుముందు ఆయన సిరియాలోని అలెప్పోలో పనిచేశాడు, అక్కడి ప్లేగు వ్యాధి మీద తర్వాత గ్రంథం వెలువరించాడు. 1780ల ఆరంభంలో విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం చేస్తున్న తమ్ముడు క్లాడ్‌తో పాటు ఇక్కడికి వచ్చాడు. 1785లో కంపెనీ ఆయన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. మొక్కల మీద ఆయనకు ఆసక్తి ఉన్నా, జనం పాము కాటుతో చనిపోవడం కళ్లముందు కనిపిస్తోంది. విషపు పాముల్ని సామాన్యులు ఎలా గుర్తుపట్టాలన్నది ఆయన ప్రశ్న. సేబాకూ ఈయనకూ ఉన్న తేడా ఇక్కడే మొదలవుతుంది. సేబాది సేకరించేవాడి ప్రశ్న, రస్సెల్‌ది వైద్యుడి ప్రశ్న. పాములు దొరికే చోటే ఉన్నాడు కాబట్టి కోళ్లనూ కుక్కలనూ కరిపించి లక్షణాలు రాసుకోగలిగాడు. పాముకాటుకు తిరుగులేని మందని పేరుపడ్డ తంజావూరు మాత్రలనూ పరీక్షించి, అవి పనిచేయవని తేల్చాడు. 1789లో తిరిగి వెళ్లి, 1796లో కంపెనీ ఖర్చుతో లండన్‌లో తన సర్పాల గ్రంథం అచ్చువేయించాడు. పెద్ద సైజు పుటలు, చేత్తో రంగులద్దిన చిత్రపటాలు. రెండో సంపుటం 1801 నుంచి భాగాలుగా వెలువడుతూ, 1805లో ఆయన చనిపోయాక 1809లో పూర్తయింది.

ఆ పుస్తకంలో చాలా పాములకు లాటిన్ జాతి నామాలు లేవు. స్థానికులు చెప్పిన పేర్లే ఉన్నాయి, చాలావరకు తెలుగువి. మనం రక్తపింజరి అనేదాన్ని ఆయన కాటుక రేకుల పొడ అని రాసుకున్నాడు. నాగుపాముకు దీటైన ప్రమాదం దీనితో ఉందని ప్రయోగాల తర్వాత హెచ్చరించాడు. శాస్త్రలోకం ఈ పామును రస్సెల్ పేరుతోనే పిలుస్తోంది. 1797లో జార్జ్ షా దానికి ఆ పేరు పెట్టాడు. ‘బంగారం పాము’ అని రస్సెల్ నమోదు చేసిన పసుపు పట్టీల కట్లపాము నుంచి ఆ ప్రజాతికంతటికీ బంగారస్ అనే పేరు వచ్చింది. 1803లో దాన్ని ఖాయం చేసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన డౌడిన్. విశాఖ ప్రాంతంలో రస్సెల్‌కు దొరికిన మామూలు కట్లపాముకు 1801లో జర్మన్ పండితుడు ష్నైడర్ శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ పామును ష్నైడర్ కంటితో చూడలేదు. రస్సెల్ వేయించిన బొమ్మా, దానికి రాసిన వివరణే ష్నైడర్‌కు ఆధారం. చిన్న పింజరికి పేరు వచ్చింది కూడా ఇలాగే, అదే ఏడాది. మన దేశంలో ఎక్కువగా ప్రాణాలు తీసే నాలుగు పాముల్లో మూడింటి శాస్త్రీయ నామాలు ఒక్క మనిషి పుస్తకం మీద ఆధారపడి నిలిచాయి.

అయితే నిలువెత్తు బొమ్మ చాలినట్టే కదా, ముక్కల వాదం ఎందుకు అనవచ్చు. అలా నిలవడానికి కారణం బొమ్మ ఒక్కటే కాదు. ప్రతి బొమ్మకూ జతగా పొట్ట పొలుసులెన్ని, తోక పొలుసులెన్ని, కోరలున్నాయా లేవా అన్న లెక్క ఉంది. తర్వాతి తరాలవాళ్లు చేతిలోని పామును తిరగేసి, ఆ లెక్కతో సరిచూసుకోగలిగారు. ఆ లెక్కలు లేని సేబా బొమ్మల్లో కొన్ని ఏ జాతివో అన్నది పండితులు తర్వాత చాలాకాలం వాదించుకోవలసి వచ్చింది. రస్సెల్ తన పని పూర్తయిందనుకోలేదు. నాగుపాము పడగ విప్పే విధానం మీద శస్త్రవైద్యుడు ఎవరార్డ్ హోమ్‌తో కలిసి 1804లో వ్యాసం ప్రచురించాడు. మెడలోని పొడుగాటి పక్కటెముకలు లేచి చర్మాన్ని విప్పుతాయని అందులో వివరించారు. అన్ని దేశాల చిత్రకారులూ మురిపెంగా గీసిన పడగను ఎముకలుగా విప్పి చూపడమంటే ఇదే.

ముక్కలు ఎందుకు అవసరమో మన పాముల్నే చూస్తే తేలిపోతుంది. కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది, ఒంటి మీద సన్నటి తెల్లని అడ్డగీతలు. ఇళ్లలో గోడల పగుళ్లలో తిరిగే తోడేలు పాముకూ ముదురు ఒంటి మీద తెల్లని అడ్డగీతలే. మొదటిది రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియకుండా ఊపిరి కండరాలను పడగొడుతుంది. రెండోదానికి మనిషికి హాని చేసే విషమే లేదు. పైనుంచి గీసిన రంగుల బొమ్మలో రెండూ కవలలే. తేడా ఎక్కడుంది? తోడేలు పాముకు గీతలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు మసకబారతాయి, పెరిగిన కట్లపాముకు సాధారణంగా ఇది తారుమారు. ఇదైనా నూటికి నూరుపాళ్లు నమ్మలేం, కట్లపాము పిల్లల్లో మెడ దగ్గర నుంచే గీతలుంటాయి. నమ్మదగ్గవి రెండే. కట్లపాము వీపు మీద నట్టనడుమ ఒక వరుస పొలుసులు మిగతావాటికన్నా పెద్దగా ఆరు పలకలతో ఉంటాయి. తోక కింద పొలుసులు ఒకే వరుసలో ఉంటాయి, తోడేలు పాముకు రెండేసి చొప్పున జతగా ఉంటాయి. మళ్లీ రక్తపింజరిని చూడండి. వీపు మీద గొలుసులా మూడు వరుసల మచ్చలు. గరుకు పొలుసుల ఇసుక పాము కూడా పొట్టిగా, లావుగా, మచ్చలతో అచ్చం ఇలాగే ఉంటుంది, దానికి విషం లేదు. ఇక్కడ తల మీది పొలుసులు కూడా సాయం చేయవు, రెండింటికీ అవి చిన్నచిన్నవే. వెల్లకిలా తిప్పితేనే నిజం బయటపడుతుంది. పింజరి పొట్ట కింద అడ్డపొలుసులు ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకుని ఉంటాయి, ఇసుక పాముకు సన్నగా నడుమ మాత్రమే ఉంటాయి. రెండు వందల ఏళ్ల ఫ్రేముల్లో పొట్ట చూపించే బొమ్మలెన్ని?

పడగ సంగతి మరీ విచిత్రం. నాగుపాము బొమ్మ అనగానే ఎవరైనా పడగ ఎత్తిందే గీస్తారు. గుడి గోడల దగ్గర్నుంచి పాఠ్యపుస్తకాల దాకా అదే భంగిమ. కాని పాము పడగ ఎత్తేది బెదిరినప్పుడే, మిగతా వేళల్లో మెడ ముడుచుకుని మామూలుగా పాకిపోతుంది. అప్పుడది కొంచెం దూరం నుంచి జెర్రిపోతులా కనిపిస్తుంది. పడగ మీది కళ్లజోడు గుర్తు కూడా అన్ని నాగులకూ ఒకేలా ఉండదు, కొన్నింటికి అసలుండదు. పడగనే గుర్తుగా నేర్పిన బొమ్మ వల్ల రెండు నష్టాలు. పడగ లేని నాగును జనం తక్కువగా అంచనా వేస్తారు, ఎలుకల్ని తిని రైతుకు మేలుచేసే జెర్రిపోతును అనుమానంతో చంపుతారు. నాగును ఖాయంగా తేల్చేది పై పెదవి మీది మూడో పొలుసు. అది ఒకవైపు కంటినీ, మరోవైపు ముక్కు పొలుసునూ తాకుతుంది. పడగతో పోలిస్తే ఎంత చప్పటి గుర్తు! అయినా ఇది ముడుచుకోదు, మాసిపోదు.

పందొమ్మిదో శతాబ్దంలో రెండు దారులూ పక్కపక్కనే నడిచాయి. కలకత్తా వైద్యుడు జోసెఫ్ ఫేయరర్ 1872లో వెలువరించిన భారత విషసర్పాల గ్రంథం రంగుల ముద్రణలో శిఖరం. బొమ్మలు గీసింది కలకత్తా చిత్రకళా పాఠశాలకు చెందిన భారతీయ చిత్రకారులు, అన్నదా ప్రసాద్ బాగ్చీ వారిలో ఒకరు. బతికున్న పాములను చూసి గీశారు కాబట్టి సేబా బొమ్మల్లో లేని జీవం వీటిలో తొణికిసలాడుతుంది. ఒక్క 1869లోనే, లెక్క దొరికిన కొన్ని ప్రాంతాల్లోనే పాముకాటు మరణాలు 11 వేలకు పైగా నమోదైనట్టు ఫేయరర్ చూపాడు. ఆ కాట్లకు బలయ్యేవాళ్లకు ఆ పుస్తకం కొనే తాహతు ఉండదన్నది వేరే సంగతి. దానికి పూర్తి వ్యతిరేకమైన పుస్తకం సైనిక వైద్యుడు ఫ్రాంక్ వాల్‌ది. 1907లో మొదటిసారి అచ్చయిన ఆ చిన్న పుస్తకంలో ఉన్నవి నల్లటి గీతలతో వేసిన తలల పటాలు, పొలుసులకు గుర్తులు. తోక చదునుగా ఉందా, పొట్ట పొలుసులు అడ్డంగా నిండి ఉన్నాయా, వీపు నడుమ పొలుసులు పెద్దవా అంటూ ఒక్కో ప్రశ్నతో చచ్చిన పామును తేల్చే పద్ధతి అది. ఫ్రేము కట్టి గోడకు తగిలించే అందం అందులో లేదు. నా లెక్కలో రెండింటిలో గొప్ప చిత్రణ వాల్ పుస్తకానిదే.

ఇప్పుడు ఫోటోలున్నాయి, ఫోన్‌లో గుర్తుపట్టే యాప్‌లున్నాయి, ఈ గొడవంతా ఎందుకని అడిగేవారికి ఒక జవాబు ఉంది. ఫోటో ఒక పామును, ఒక వెలుగులో, ఒక పక్క నుంచి చూపుతుంది. మట్టి పూసుకున్న పింజరి, కుబుసం విడిచే ముందు మసకబారిన కట్లపాము ఫోటోలో వేరే జాతిలా కనిపిస్తాయి. సేబా బొమ్మకున్న లోపమే ఇది, సాధనం మాత్రం మారింది. ఇంతకన్నా బలమైన అభ్యంతరం వైద్యులది. మన దేశంలో ఇచ్చే విషవిరుగుడు మందు నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి పనిచేస్తుంది. డాక్టరు పాము పేరు అడగకుండా రోగి లక్షణాలు, రక్తం గడ్డకట్టే తీరు చూసి వైద్యం మొదలుపెట్టగలడు. అంటే కాటు పడ్డాక గుర్తింపు పెద్దగా అవసరం లేదు. ఈ వాదన పూర్తిగా నిజం, కాటు పడ్డాక. గుర్తింపు కావలసింది అంతకుముందు: ఏ పామును చూసి దూరం జరగాలో, ఏదాన్ని దాని దారిన పోనివ్వాలో, కట్లపాములు తిరిగే ఊళ్లో నేలమీద దోమతెర లేకుండా ఎందుకు పడుకోకూడదో తెలియడానికి.

2020లో వెలువడిన ఒక అధ్యయనం 2000 నుంచి 2019 వరకు దేశంలో 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని అంచనా వేసింది, ఏటా సగటున 58 వేలు. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కాబట్టి బడి గోడ మీదో, ఆరోగ్య కేంద్రంలోనో పాముల బొమ్మ వేయించే ఉపాధ్యాయులకూ అధికారులకూ ఒక విన్నపం. పడగ ఎత్తిన నాగుతో పాటు పడగ ముడిచిన నాగునూ వేయించండి. కట్లపాము పక్కన తోడేలు పామునూ, పింజరి పక్కన ఇసుక పామునూ పెట్టి తేడాలను విడిగా చూపించండి. బొమ్మ కింద ఒక హెచ్చరిక కూడా రాయించండి: ఎవరినైనా పాము కరిస్తే ఏ పామో తేల్చడానికి దాని వెంట పడొద్దు, గాటు పెట్టొద్దు, తాడు బిగించొద్దు, కదలకుండా పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.